ఎర్రలైటు వెలుగుతంటే తప్పు మనదా?

“రౌటర్ ఆపి మళ్లీ వెయ్యండి.” మా ఎస్. రాయవరంలో నెట్టు పోయిందని ఫోన్ చేసినప్పుడల్లా ఇదే మాట. మొన్న మా వీధి చెల్లెలొకామె ఉద్యోగానికి దరఖాస్తు నింపి, ఫీజు కట్టబోతే నెట్టు ఎలిపోయింది. నాలుగుసార్లు ఆపింది, వేసింది. ఆఖరికి “మీ ఇంట్లోనే ఏదో ఉంది” అన్నారంట. డబ్బులూ మనవే, తప్పూ మనదేనా?

నేను ఇంజనీరుని కాదు, చూసి చూసి నేర్చుకున్నోణ్ణి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందు డబ్బా మీద లైట్లు చదవండి.

ఎల్‌ఓఎస్ అన్న కాడ ఎర్రగా వెలుగుతందా? ఫైబర్ తీగలో వెలుతురు మీ డబ్బా దాకా రావట్లేదు. ఇంట్లో తీగ మడతపడిందేమో చూడండి. లోపలుంది గాజు, గట్టిగా వంచితే వెలుతురు జారిపోతాది. అక్కడ బాగుంటే తప్పు బైటుంది, స్తంభం మీదో జాయింటు కాడో. వందసార్లు ఆపి వేసినా లాభం లేదు.

లైట్లన్నీ ఒక్కసారే ఆరి మళ్లీ వెలుగుతన్నాయా? అది కరెంటు సంగతి. మోటారు వేసినప్పుడే అలగవుతందేమో, అడాప్టరు పాడయిందేమో చూడాల. ఫోన్లో పోతంది గానీ లాన్ తీగ పెట్టిన కంప్యూటర్లో బాగుందా? తప్పు వైఫైది. డబ్బాని బీరువా పక్కనుంచి తీసి ఎత్తులో పెట్టండి.

ఇక అసలు సంగతి. మా వీధి కనెక్షన్ ఏ కంపెనీదన్నది కాదు. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి కోవింద్ మన ఫైబర్‌నెట్‌ని ప్రారంభించినప్పుడు నెలకి 149 రూపాయలకే టీవీ, ఫోను, నెట్టు అన్నారు. కరెంటు స్తంభాల మీదే తీగ లాగారు. తక్కువ ఖర్చుతో ఊళ్లకి తొరగా చేరడానికి అది మంచి దారే. కానీ 2014 హుద్‌హుద్ చూసినోళ్లం, గాలివానకి స్తంభాలేటవుతాయో మనకి ఒకరు చెప్పాలా? తీగ లాగడం సగం పని. తెగినప్పుడు కలిపే మనిషిని ఉంచడం మిగతా సగం. ఎన్ని ఊళ్లకి నెట్టిచ్చారో నాయకులు చెప్తారు. నెలలో ఎన్ని రోజులు నడిచిందో, తెగితే ఎన్ని గంటల్లో కలిపారో మనం అడగాల.

అడగాలంటే చేతిలో లెక్కుండాల. ఏ టయానికి పోయింది, ఏ లైటు వెలిగింది, పది రోజులు రాసి పెట్టండి. ఫొటో తీయండి. ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు అడగండి. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం అది ఇవ్వాల్సిందే. పని కాకపోతే ఆ నంబరుతోనే కంపెనీ అప్పీలు అధికారికి రాయండి. స్తంభమెక్కే కుర్రోడి మీద మాత్రం అరవొద్దు. ఆడూ మనలాంటోడే.

గురజాడ పుట్టిన ఊరు మాది. జనం మాట కాగితం మీదకెక్కాలని పోరాడినోడు ఆయన. మన ఇంటి ఎర్రలైటు కూడా కాగితం మీదకెక్కాల.