ఎముక తెల్లగా ఉంటే గట్టిదేనా?

ఎక్స్‌రే అంటే ఫోటో అనుకుంటాం. నిజానికది నీడ. 1895లో జర్మనీలో రాంట్‌జెన్ కనిపెట్టిన యీ కిరణాలు చర్మాన్నీ, కండనూ సులువుగా దాటిపోతాయి. తగిలినచోట ఫిల్ము నల్లబడుతుంది. ఎముకలో కాల్షియం ఉంది గదా! అది చాలా కిరణాలను మింగేస్తుంది. అందుచేత ఎముక తెల్లగా కనిపిస్తుంది. ఫిల్ముకు బదులు కంప్యూటరు తెర వచ్చినా సూత్రం అదే.

మరి ఎంత తెల్లగా ఉంటే అంత గట్టిదన్నమాటేనా? కాదంటాయి నల్లగొండ జిల్లా ఎక్స్‌రేలు. అక్కడి రాతినేలలోని బావినీటిలో ఫ్లోరైడు ఎక్కువ. దానివల్ల వచ్చే ఫ్లోరోసిస్‌ను గురించి 1955లోనే డాక్టర్ సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశారు. ఈ జబ్బు ముదిరినవారి వెన్నెముక ఎక్స్‌రేలో సుద్దముక్కలా ఉంటుంది. ముంజేతిలోని రెండెముకలను కలిపే పల్చటి పొర మామూలుగా కనిపించదు. వీరిలో దానికీ కాల్షియం పట్టి తెల్లగా తేలుతుంది. ఇంత తెల్లదనం ఉండీ మనిషి నడుం వంచలేడు! కిరణం చూపేది సాంద్రతను, సత్తువను కాదు.

ఎక్స్‌రేలో తేలేసరికి ఎముక చాలావరకు చెడిపోయి ఉంటుంది. అంతకన్నా ముందే పిల్లల పళ్లమీద మచ్చలు హెచ్చరిస్తాయి. అవి కనిపిస్తే నీటిని పరీక్ష చేయించండి. లీటరుకు ఒక మిల్లీగ్రాము మించరాదు. మరోదారి లేనప్పుడు ఒకటిన్నర. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. పటిక, సున్నంతో దాన్ని తగ్గించే విధానానికి నాగపూరు నీరీ సంస్థ పెట్టిన పేరే ‘నల్లగొండ పద్ధతి’.