జూదశాల యజమాని, శాసనసభ కుర్చీ

మకావ్‌లో చాన్ మెంగ్ కామ్ ఎదిగిన తీరును తేలిగ్గా తీసిపారేయలేం. చైనాలోని ఫుజియాన్ నుంచి వలస వచ్చి, గోల్డెన్ డ్రాగన్ కేసినోకు యజమాని అయ్యారు. 2005లో శాసనసభకు ఎన్నికయ్యారు. 2013లో ఆయన అభ్యర్థుల జాబితాకు 3 సీట్లు దక్కాయి. అక్కడ ఒక జాబితాకు పడిన ఓట్లను రెండో సీటు కోసం 2తో, మూడో సీటు కోసం 4తో భాగిస్తారు కాబట్టి అది మామూలు గెలుపు కాదు. తోటి ఫుజియాన్ వలసజనం ఆయన వెన్నంటి నిలిచారు. వాళ్ల నమ్మకాన్ని తప్పుపట్టను. నా అభ్యంతరం వేరు. మకావ్ ఖజానాకు ప్రధాన ఆధారం జూదంపై పన్నే. కేసినోల చట్టాలు చేసేది ఆ సభే. బల్ల దగ్గర ముక్కలు పంచే ఉద్యోగి తన షిఫ్టంతా జూదరుల సిగరెట్ పొగ పీల్చాలా వద్దా అన్నదీ అక్కడే తేలాల్సి వచ్చింది. అలాంటి ఓటింగులో యజమానికీ చెయ్యెత్తే హక్కుంటే ఉద్యోగి గోడు ఎవరికి చెప్పుకోవాలి? చాన్ 2017లో పోటీ నుంచి తప్పుకున్నారు, కానీ ఈ ప్రశ్న అలాగే ఉంది. వ్యాపారి ఎన్నికల్లో నిలబడవచ్చు, గెలవవచ్చు. తన వ్యాపారం చర్చకు వచ్చిన రోజు మాత్రం సభ బయట ఉండాలి. ఏ దేశంలోనైనా చట్టమే ఆ మాట చెప్పాలి.