బుస కొట్టని కవాటం

కిందటి నెలలో ఒక ఆదివారం హైదరాబాదు నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. గొంతులో సంబరం. అంతకు రెండు నెలల ముందే పాత స్కోడా ఆక్టేవియా ఆరెస్ ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాడు. 2004 ప్రాంతంలో మన దేశంలో అడుగుపెట్టిన 1.8 లీటర్ల టర్బో పెట్రోలు బండి అది. "బావా, దీనికి బ్లో-ఆఫ్ వాల్వు పెట్టిస్తున్నా. గాలి బయటికి వదిలే రకం. గేరు మార్చినప్పుడల్లా బుస్సుమంటుంది. సిగ్నల్ దగ్గర అందరూ తిరిగి చూస్తారు" అన్నాడు.

ఆ "తిరిగి చూస్తారు" దగ్గరే నాకు ఒళ్ళు మండింది. సరిగ్గా ఆ మాట కోసమే ఇరవయ్యేళ్ళ క్రితం నేనూ ఒక తప్పు చేశాను. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

బళ్ళ గొడవ పట్టని సాహిత్యాభిమానులు ఒక్క పేరా ఓర్చుకోవాలి. ఇంజన్ వదిలే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివరనున్న చక్రం బయటి గాలిని పీల్చి, కుక్కి, ఇంజన్‌లోకి తోస్తుంది. టర్బో అంటే ఇంతే. జోరు మీదున్నప్పుడు ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఇలా తోసుకొచ్చే గాలికి ఇంజన్ వాకిట్లో ఒక తలుపుంది, థ్రాటిల్. గేరు మార్చడానికి మనం కాలు తీయగానే ఆ తలుపు మూసుకుంటుంది. గాలికి ముందు దారి లేదు, వెనక తోపుడు ఆగలేదు. అప్పుడది వెనక్కి తన్ని టర్బో చక్రానికే ఎదురు తిరుగుతుంది. ఈ ఇరకాటం తీర్చడానికి పెట్టిన చిన్న కిటికీయే మన కవాటం. కిటికీ తెరుచుకున్నాక గాలి ఎటు పోవాలన్నదే తగవు. ఒక రకం దాన్ని ఆకాశంలోకి వదిలేస్తుంది, బుస దానిదే. రెండో రకం ఒక గొట్టం గుండా తిరిగి టర్బో నోటి దగ్గరికే చేరుస్తుంది. మొదటిదాన్ని వదులు కవాటమనీ, రెండోదాన్ని మళ్లింపు కవాటమనీ పిలుచుకుంటున్నాను. (ఇంతకంటే మంచి మాట తట్టినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను. "పునఃప్రసరణ వాయు విమోచక కవాటం" అని మాత్రం అనకండి, దండం పెడతాను.)

నా వాదన ఒకటే. లోపలికి వచ్చే గాలిని వాకిట్లోనే తూచే బండికి మళ్లింపు కవాటం తప్ప మరొకటి పెట్టకూడదు. పెట్టమని చెప్పేవాడు అమ్ముతున్నది శబ్దాన్ని, పనితనాన్ని కాదు.

తూచడమంటే ఏమిటో చెబుతాను. బావమరిది బండిలోనూ, నా పాత బండిలోనూ గాలి వడపోత దాటగానే ఒక సెన్సార్ ఉంటుంది. పేరు మాస్ ఎయిర్ ఫ్లో సెన్సార్. లోపలికి ఎంత గాలి వెళ్ళిందో అది కంప్యూటరుకు చెబుతుంది. కంప్యూటరు దానికి తగినంత పెట్రోలు చిమ్మిస్తుంది. పెళ్ళి పంక్తిలో వందమంది కూర్చున్నారని వంటశాలకు కబురు వెళ్ళింది, వంటవాడు వందమందికీ సాంబారు పంపేశాడు, ఈలోగా ముప్ఫైమంది పెరటి గుమ్మంలోంచి లేచిపోయారు. వదులు కవాటం చేసే నిర్వాకం ఇదే. లెక్కకెక్కిన గాలి ఇంజన్‌కు చేరదు, దాని వాటా పెట్రోలు మాత్రం చేరుతుంది. మిశ్రమం చిక్కబడి ఇంజన్ తడబడుతుంది. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలో ఢాం ఢామ్మని పేలుతుంది (దాన్ని కూడా మురిసిపోయి వినేవాళ్ళున్నారు!), స్పార్కు ప్లగ్గులకు మసి పట్టిస్తుంది, కెటలిటిక్ కన్వర్టరును మరగబెడుతుంది. ఒక్కసారికి ఏమీ కాదు. ఊళ్ళో నడిపే బండికి గేరు రోజుకు ఎన్ని వందలసార్లు మారుతుందో లెక్కేసుకోండి.

ఇంతకన్నా దొంగతనంగా జరిగేది మరొకటుంది. వదులు కవాటం స్ప్రింగు మెత్తనిదైతే, బండి ఊరికే నిలబడి ఉన్నప్పుడు కూడా ఇంజన్ లాగే శూన్యానికి అది తెరుచుకునే ఉంటుంది. అప్పుడు గాలి బయటికి పోదు, లోపలికే వస్తుంది. తూకం లేని గాలి, వడపోత లేని గాలి. మన రోడ్ల దుమ్ము తిన్నగా ఇంజన్ కడుపులోకి. మళ్లింపు కవాటం తెరుచుకుని ఉన్నా బాధ లేదు, దాని గొట్టం రెండు కొసలూ తూకం అయిపోయిన గాలిలోనే ఉంటాయి కనుక.

ఇక నా సంగతి. 2005లో న్యూజెర్సీలో ఉండగా 2002 మోడల్ సుబారు ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ ఉండేది నాకు. కంపెనీవాళ్ళు ఇంటర్‌కూలర్ మీదే మళ్లింపు కవాటం బిగించి ఇచ్చారు. పుణ్యాత్ములు. నేను మూడు వారాల పాటు వెతికి, భోజనాల దగ్గర కూడా అదే మాట్లాడి, మెరిసే వదులు కవాటం ఒకటి కొన్నాను. దుకాణంలో కుర్రాడు "గుర్రపు శక్తి పెరుగుతుంది" అన్నాడు. నమ్మాను. నమ్మానని కూడా అనలేను, నమ్మదలుచుకున్నాను. రెండు బోల్టులు విప్పి పాతది తీసేసి, మళ్లింపు గొట్టం మూతికి బిరడా కొట్టి, నాలుగు రోజులు ఊరంతా బుస కొట్టుకుంటూ తిరిగాను.

అయిదో రోజు హైవే దిగే వంపులో, ఎదుట ఎర్రదీపం కనిపించి కాలు తీసి క్లచ్చి తొక్కాను. బుస్సుమంది. ఆ వెంటనే ఇంజన్ ఆగిపోయింది. స్టీరింగు బండరాయిలా బిగిసింది. అద్దంలో వెనక లారీ ముఖం తప్ప ఇంకేమీ లేదు. బండిలో వెనక సీటులో మా ఎనిమిది నెలల పాప. ఎలాగో పక్కకు లాగాను. లారీవాడు హారను మోగిస్తూ దాటిపోయాడు. మా ఆవిడ నన్ను తిట్టలేదు. పాప నిద్ర లేవలేదని చూసుకుని, "మరి ఈ చప్పుడు దేనికండీ?" అని అడిగింది. నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ రాత్రే పాత కవాటం మళ్ళీ బిగించాను. ఇంజన్ మరెన్నడూ అలా ఆగలేదు.

"రేసు కార్లు బయటికే వదులుతాయి కదా" అంటారు. వాటికి వేరే కంప్యూటరు, వేరే లెక్క. గాలిని వాకిట్లో తూచకుండా ఇంజన్ గుమ్మంలో ఒత్తిడిని బట్టి అంచనా కట్టే బళ్ళు కొన్ని ఉన్నాయి. వాటికి వదులు కవాటం పెట్టినా మిశ్రమం చెడదు. అక్కడ నాకు పేచీ లేదు, అభిరుచి మాత్రమే. "వేడిగాలి మళ్ళీ లోపలికి వస్తుంది" అని మరో మాట. అది జరిగేది థ్రాటిల్ మూసిన క్షణంలో, ఇంజన్ శక్తే అడగని వేళ. పైగా నా సుబారులో ఆ గాలి ఇంటర్‌కూలర్‌లో చల్లబడ్డాకనే మళ్లేది. "కవాటం లేకపోతే టర్బో వెంటనే చచ్చిపోతుంది" అని భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. 1986, 87 నాటి బ్యూక్ గ్రాండ్ నేషనల్‌కు కంపెనీ అసలు ఏ కవాటమూ పెట్టలేదు. ఆ రోజుల్లో అమెరికా బళ్ళను వణికించిన బండి అది. కవాటం మంచిదే, కానీ దాని పేరుతో బెదిరింపు వ్యాపారం వద్దు. ఇక డీజిలు బళ్ళకు కూడా బుస అమ్మేవారి గురించి ఏం చెప్పను? డీజిలులో శక్తిని అదుపు చేసేది నూనె, థ్రాటిల్ తలుపు కాదు. లేని ఇరకాటానికి కరెంటు కిటికీ. దీపావళి తుపాకీ కొనుక్కుంటే చవక.

చట్టం మాట కూడా ఒకటి. బండిని కంపెనీ ఇచ్చిన రూపం నుంచి మార్చడంపై 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షనులో ఆంక్షలున్నాయి. 2019 సవరణ తరువాత ధ్వని, వాయు కాలుష్యపు నిబంధనల ఉల్లంఘనకు జరిమానా పది వేల దాకా ఉంది. ఇంజన్ అడుగున పుట్టే నూనె ఆవిరిని ఇలాంటి బళ్ళలో టర్బో నోట్లోకే పంపుతారు, మళ్ళీ కాలిపోవడానికి. వదులు కవాటం బుస కొట్టినప్పుడల్లా దానిలో కొంత వీధిలోకి పోతుంది.

ఇంత తిట్టాక బావమరిదికి ఏం చేయమన్నానో కూడా చెప్పాలి గదా. "ఒరేయ్, ముందు ఉన్నది పనిచేస్తోందో లేదో చూడు" అన్నాను. ఆ 1.8 బళ్ళ అసలు కవాటంలో రబ్బరు పొర ఒకటుంటుంది, ఏళ్ళు గడిస్తే చిరుగుతుంది. కవాటం ఊడదీసి, లోపలి బిళ్ళను వేలితో పైకి నొక్కి, సన్నగొట్టం తగిలించే ముక్కును బొటనవేలితో మూసి, బిళ్ళను వదలాలి. అక్కడే నిలిస్తే పొర బాగున్నట్టు, జారిపోతే చిరిగినట్టు. చిరిగితే కంపెనీది లాంటిదే గట్టిది కొనుక్కో, మెరుపులు వద్దన్నాను. కొత్తదే మేలని కూడా లేదు. 1995 తరువాతి మిత్సుబిషి ఎక్లిప్స్ టర్బోల ప్లాస్టిక్ కవాటం ఒత్తిడి పెంచితే గాలి కారుస్తుందని, తెలిసినవాళ్ళు పాత సామాను దుకాణాల్లో తొలి తరం ఎక్లిప్స్ లోహపు కవాటం వెతికి తెచ్చి వేసుకునేవారు. ఇకపోతే సన్నగొట్టం థ్రాటిల్‌కు అవతల, ఇంజన్ వైపు నుంచే రావాలి, పగుళ్ళు ఉండకూడదు. మళ్లింపు గొట్టం రెండు వైపులా క్లాంపులు బిగించాలి. అది ఊడిందంటే మళ్లింపు కవాటం కూడా వదులు కవాటమే.

వాడి కవాటం బిళ్ళ జారిపోయింది. పొర అర అంగుళం చిరిగి ఉందట. కొత్తది వేసుకుని, వారం తరువాత మళ్ళీ ఫోన్ చేశాడు. "బండి బాగా లాగుతోంది బావా, కానీ శబ్దమే లేదు" అని దిగులు.

"అద్దాలు దించుకుని ఫ్లైఓవరు గోడ వెంబడి మూడో గేరులో వెళ్ళు, కాలు తీసి విను" అన్నాను.

అరగంటకు మెసేజి వచ్చింది: "వినబడింది. నాకొక్కడికే."