నూటపద్నాలుగు గుర్రాలకు ఏనుగు గొలుసులా?

చిన్న టర్బో కార్ల యజమానులలో ఒక మూఢవిశ్వాసం బలంగా పాతుకుపోయింది. ఇంజను కంప్యూటరులోని అంకెలు మార్పించి (దీనినే రీమ్యాప్ అంటున్నారు) కాస్త బలం పెంచుకున్న మరుక్షణం, కంపెనీవారిచ్చిన క్లచ్చి ఇక పనికిరాదనీ, దాని స్థానంలో పందెపు కార్లకు వేసే సెరామిక్ క్లచ్చి బిగించుకోకపోతే ఆ బలానికి పరువే లేదనీ వారి నమ్మకం. అమ్మేవారు ఈ నమ్మకానికి నీరుపోసి పెంచుతున్నారు. కొనేవారు దాని ఫలాలను ఎడమ మోకాలితో అనుభవిస్తున్నారు. ఈ టపా ఆ నమ్మకం మీద నా అభ్యంతరం. కొన్నిచోట్ల మాట కటువుగా ఉంటే చదువరులు మన్నించాలి.

నాకు బాగా తెలిసిన బండినే ఉదాహరణగా తీసుకుంటాను. 2010లో మన దేశంలో విడుదలైన ఫియట్ లీనియా టీ-జెట్: 1368 సీసీల పెట్రోలు ఇంజను, చిన్న టర్బో, 114 పీఎస్‌ల శక్తి. ఈ నూటపద్నాలుగు అన్న అంకె దగ్గరే మొదటి పొరపాటు మొదలవుతుంది. క్లచ్చికి గుర్రాలతో పని లేదు. అది మోసేది టార్క్‌ను, అంటే ఇరుసును మెలితిప్పే బలాన్ని. అదే కాలపు హోండా సిటీ (1.5 లీటర్లు, టర్బో లేదు) 118 పీఎస్‌లు ఇచ్చేది, అంటే కాగితం మీద లీనియా కంటే నాలుగు ఎక్కువే. కానీ దాని గరిష్ఠ టార్క్ 146 న్యూటన్ మీటర్లు, అదీ 4600 ఆర్‌పీఎం దగ్గర. లీనియా టార్క్ 207 న్యూటన్ మీటర్లు, అదీ 2200 దగ్గరే. గుర్రాలు దాదాపు సమానం, క్లచ్చి మీద పడే బరువు మాత్రం నలభై శాతం పైగా ఎక్కువ. టర్బో కారుకు క్లచ్చి ఎంచుకోవడం వేరే విద్య అనేది ఇందుకే. అది జారితే ఎక్కడ జారుతుందో కూడా ఇదే చెబుతుంది: నాలుగో గేరులోనో ఐదో గేరులోనో, రెండు వేల పైచిలుకు ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటరు పూర్తిగా తొక్కినప్పుడు, బండి వేగం పెరగకుండా ఆర్‌పీఎం ముల్లు ఒక్కటే పైకి పోతుంది.

ఇక లెక్కకు వద్దాం. క్లచ్చి మోయగల టార్క్ నాలుగు విషయాల గుణకారం: ఘర్షణ తలాలు ఎన్ని (మామూలు ప్లేటుకు రెండు), ఘర్షణ గుణకం ఎంత, ప్రెషర్ ప్లేటు ఎంత బలంతో నొక్కుతోంది, ప్లేటు సగటు వ్యాసార్థం ఎంత. ఇందులో మంత్రమేమీ లేదు, పదో తరగతి పిల్లవాడు చేయగల లెక్క. ఇవి ఏ కంపెనీ కొలతలూ కావు, ఉదాహరణకు మాత్రమే: గుణకం 0.3, నొక్కే బలం 5000 న్యూటన్లు, సగటు వ్యాసార్థం 90 మిల్లీమీటర్లు అనుకుందాం. రెండు తలాలకూ కలిపి 270 న్యూటన్ మీటర్లు వస్తుంది. ఇంజను ఇచ్చేది 207 కనుక దాదాపు ముప్ఫై శాతం మిగులు. ఆ మిగులు దుబారా కాదు. వేడికి ఘర్షణ తగ్గినప్పుడు, లైనింగు అరిగినప్పుడు ఆదుకునే ధాన్యపు గాదె అది.

ఇప్పుడు రీమ్యాప్‌తో టార్క్ 250కి చేరిందనుకుందాం. మిగులు ఎనిమిది శాతానికి పడిపోయింది. ప్రమాదమే, కాదనను. కానీ దీనికి మందేమిటి? నొక్కే బలాన్ని ఐదింట ఒక వంతు పెంచితే 324 వస్తుంది. మళ్ళీ అదే ముప్ఫై శాతం మిగులు! కంపెనీ ఇంజనీరు ఇచ్చిన భద్రత మొత్తం తిరిగి వచ్చేసింది. మరి దుకాణంలో చూపించేదేమిటి? గుణకం 0.4 ఉన్న సెరామిక్ ముక్కలు, సగానికి సగం ఎక్కువ నొక్కే ప్రెషర్ ప్లేటు. లెక్క కడితే 540 న్యూటన్ మీటర్లు. ఇంజను ఇచ్చేదానికి రెట్టింపు దాటింది. పిచ్చుకపై బ్రహ్మాస్త్రమంటే ఇదే. పైగా ఆ అస్త్రం ఖరీదు పిచ్చుకే కట్టుకోవాలి.

"స్టేజ్ వన్", "స్టేజ్ టూ", "స్టేజ్ త్రీ" అన్న మాటల సంగతి కూడా ఇక్కడే తేల్చుకుందాం. ఇవి ఏ ప్రమాణ సంస్థా నిర్ణయించినవి కావు. ఒకరి స్టేజ్ టూ మరొకరి స్టేజ్ వన్ కావచ్చు. మెట్లెక్కుతున్నామన్న భ్రమ కలిగించడం తప్ప ఈ మాటలకు కొలత లేదు. నగరంలోని ఒక దుకాణంలో "ఈ క్లచ్చి ఎన్ని న్యూటన్ మీటర్లు మోస్తుంది?" అని అడిగాను. "స్టేజ్ త్రీ సార్, అన్నీ మోస్తుంది" అన్నాడాయన. అన్నీ మోసేది భూదేవి ఒక్కతే.

కంపెనీ క్లచ్చి పనికిరాదని వీరు చూపే సాక్ష్యం ఇంకా విచిత్రం. ఏళ్ళ తరబడి ట్రాఫిక్కులో హాఫ్ క్లచ్చితో ఈడ్చిన బండికి, ప్లేటు అరుగుదల చివరికి వచ్చాక, రీమ్యాప్ చేయిస్తారు. వారం తిరక్కుండా జారుతుంది. "చూశారా, స్టాక్ క్లచ్చి నిలవలేదు" అంటారు. ముసలి ఎద్దుకు అదనపు బరువెత్తి, అది కూలబడితే ఆ జాతే పనికిరాదన్నట్టుంది. అదే రకపు కొత్త ప్లేటుతో పరీక్షించి చూసినవారెందరు? పెరిగిన టార్క్ స్వల్పమైతే చాలాసార్లు మంచి కొత్త ఒరిజినల్ క్లచ్చే సరిపోతుంది. జారడానికి కారణం ప్లేటు మీద పడిన నూనె కూడా కావచ్చు. క్రాంక్ వెనుక సీలు కారుతుంటే వజ్రాలు తాపిన క్లచ్చి వేసినా జారుతుంది.

అయితే ఎక్కువ బలమున్నది వేసుకుంటే నష్టమేమిటని అడుగుతారు. నష్టం ఒక్కటి కాదు.

నొక్కే బలం పెరిగితే, మిగిలిన అమరిక మారకపోతే, పెడలు బరువూ ఆ మేరకు పెరుగుతుంది. మెహదీపట్నం నుంచి గచ్చిబౌలికి సాయంత్రం ఆరింటికి వెళ్ళేవారు ఆ పెడలును వందలసార్లు తొక్కాలి. తొక్కిన ప్రతిసారీ ఆ బలం రిలీజ్ బేరింగు మీదుగా వెళ్ళి క్రాంక్ షాఫ్టు థ్రస్టు బేరింగు మీద పడుతుంది. అంటే మోకాలి తరువాత అరిగేది ఇంజనే. సెరామిక్ ముక్కలు మెల్లగా పట్టుకోవడం ఎరుగవు. ఉంటే పట్టు, లేకుంటే విడుపు. బండి బయలుదేరేటప్పుడు వణుకుతుంది, ఫ్లైవీలు ముఖం త్వరగా గీరుకుపోతుంది, ఫ్లైఓవరు ఎక్కుతూ ఆగినచోట వెనుకనున్న ఆటోవాడి ప్రాణం గాలిలో ఉంటుంది. ప్లేటు మధ్యనుండే స్ప్రింగులు కూడా తీసేసిన రకమైతే గేరుబాక్సు గలగలలు ఉచితం.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మన ఇళ్ళలో కారు ఒక్కరిది కాదు. భార్య ఆఫీసుకు తీసుకువెళుతుంది, నాన్నగారు గుడికో ఆసుపత్రికో తీసుకువెళతారు, అవసరమైతే తమ్ముడు అర్ధరాత్రి స్టేషనుకు తీసుకువెళతాడు. ఆ క్లచ్చి వేయించిన రోజున ఇంట్లో సగం మందిని డ్రైవింగు సీటులోంచి దించేసినట్టే. "నువ్వు నడపలేవులే" అనడంలో ఒక మగ గర్వం ఉంది చూశారూ, దుకాణాలు నిజంగా అమ్ముతున్నది దానినే. అర్ధరాత్రి అత్యవసరమైనప్పుడు నడపగలిగిన మనిషి ఇంట్లో ఉండీ బండి కదలకపోతే, ఆ 540 న్యూటన్ మీటర్లు ఎవరిని మోస్తాయి?

మరొక వాదన: "రేపు ఇంకా బలం పెంచుతాను కదా, ఒకేసారి వేయించుకుంటే గేరుబాక్సు రెండోసారి దించే ఖర్చు మిగులుతుంది." వినడానికి పొదుపులాగే ఉంది. కానీ చిన్న టర్బో ఊదగల గాలికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటాలంటే టర్బో మార్చాలి, ఇంజెక్టర్లు మార్చాలి, ఇంటర్‌కూలరు మార్చాలి. అలా మొదలుపెట్టినవారిలో ఎందరు ముగిస్తారో మనకు తెలియనిది కాదు. రాని రేపటి కోసం వచ్చిన ప్రతి రోజునూ పాడుచేసుకోవడం పొదుపు కాదు. అదీగాక క్లచ్చి ఇంట్లో ఫ్యూజు వంటిది. హఠాత్తుగా దెబ్బ తగిలితే అది కాస్త జారి గేరు పళ్ళనూ డ్రైవ్ షాఫ్టులనూ కాపాడుతుంది. ఫ్యూజు స్థానంలో ఇనుప కమ్మీ పెట్టినవాడు ఫ్యూజు పోలేదని సంబరపడవచ్చు. కాలేది ఇల్లు.

సెరామిక్ క్లచ్చికి చోటే లేదని నేననను. కోయంబత్తూరులోని కరి స్పీడ్‌వే మీద పోటీకి దిగేవారికి, నిజంగానే రెట్టింపు టార్క్ సాధించినవారికి అది సరైన పనిముట్టు. వారితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పనిముట్టును పాలప్యాకెట్టు తేవడానికి వాడమనేవారితోనే.

మరి ఎంచుకోవడం ఎలా? ముందు మీ బండి టార్క్ ఎంతో డైనో మీద కొలిపించండి. దానికి ముప్ఫై శాతం కలపండి. ఆ అంకెను మోయగలిగినవాటిలో అతి తేలికైన పెడలు ఉన్నదాన్ని కొనండి. లైనింగు ఆర్గానిక్‌దై ఉండాలి, ప్లేటు మధ్యన స్ప్రింగులుండాలి. డ్యూయల్ మాస్ ఫ్లైవీలు బాగున్న బండికి దాన్ని తీసి పారేయనక్కరలేదు. తప్పనిసరై సింగిల్ మాస్‌కు మారితే ఆ స్ప్రింగుల ప్లేటు మరీ అవసరం. గేరుబాక్సు ఎలాగూ దింపుతారు కనుక రిలీజ్ బేరింగు, వెనుక సీలు, ఫ్లైవీలు ముఖం చూపించుకోండి. బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి లైనింగును కుదురుకోనివ్వండి. నా లీనియాలో ఉన్నది ఇలాంటిదే. మా ఇంట్లో నలుగురం నడుపుతాం.

టర్బో మిత్రులకు చివరి మనవి. దుకాణంలో మిమ్మల్ని "ఏ స్టేజ్ కావాలి?" అని అడిగితే, "ఎన్ని న్యూటన్ మీటర్లు? పెడలు బరువెంత? ప్లేటు దేనితో చేశారు?" అని తిరిగి అడగండి. మూడింటికీ జవాబు చెప్పగలిగినవాడికే డబ్బివ్వండి. చెప్పలేనివాడు అమ్ముతున్నది క్లచ్చి కాదు, డబ్బా మీది బొమ్మ.