ఆ పిల్ల ఎందుకు నిద్రపోతోందని అడిగామా?

మా అమ్మాయి మునిసిపల్ హైస్కూల్లో ఎనిమిదో తరగతి చదువుతోంది. మొన్న జూలైలో ఒకరోజు బడినుంచి వస్తూనే "అమ్మా, నా పక్కన కూర్చునే పిల్ల రోజూ క్లాసులో నిద్రపోతుందే. ఇవాళ లెక్కల సారు పీరియడంతా బెంచీ ఎక్కించి నిలబెట్టారు" అంది. నేనేమన్నానో తెలుసా? "అయితే నువ్వు బెంచీ మారిపో. ఆ నిద్రమొహం పక్కన కూర్చుంటే నీ చదువూ అంతే" అన్నాను. పైగా నేను కథలు రాస్తాను. మనుషుల మనసులు బాగా పట్టుకుంటానని ఎవరైనా అంటే మురిసిపోతాను కూడా!

ఆ పిల్ల ఇల్లు మా వెనక వీధిలోనే. రాత్రి పది దాటాక ఆ ఇంట్లోంచి కేకలు వినిపిస్తాయి, గిన్నెలు పడ్డ చప్పుడు వినిపిస్తుంది. విన్నప్పుడల్లా మేం టీవీ సౌండు కాస్త పెంచుకుంటాం. నిజం చెప్పొద్దూ, ఆ కేకలకీ ఈ నిద్రకీ ఏదో లంకె ఉందని నాకు తట్టనేలేదు.

ఆగస్టులో ఒక రాత్రి పదకొండింటికి మా గేటు చప్పుడైంది. చూస్తే ఆ పిల్ల! చంకలో తమ్ముడు, భుజాన పుస్తకాల సంచీ. "ఆంటీ, రేపు లెక్కల పరీక్ష. మీ వరండాలో లైటు కింద కాసేపు చదువుకోనా?" అంది. లోపలికి రమ్మని తలుపు వెయ్యబోయాను. "వెయ్యకండి ఆంటీ, అమ్మ పిలిస్తే వినపడదు" అంది.

ఆ ఒక్క మాటతో నాకంతా అర్థమైంది. నాన్న తాగొచ్చి, కొట్టి, తిట్టి, పడుకునేదాకా ఈ పిల్ల తమ్ముణ్ణి ఒళ్లో వేసుకుని కాపలా కూర్చుంటుంది. తెల్లవారుజామున కుళాయి వస్తే బిందెలు పట్టాలి. వాళ్లమ్మ బట్టల షాపులో పనికి వెళ్లేలోగా వంటలో సాయం చెయ్యాలి. ఇన్ని చేసి బడికొచ్చి కూర్చున్నా, ఆ పిల్ల చెవి ఇంటి దగ్గరే ఉంటుంది. ఇక బీజగణితం ఎక్కడ ఎక్కుతుంది?

ఏ మాటకామాట చెప్పుకోవాలి, లెక్కల సారు చెడ్డవాడేం కాదు. ఎదురుగా యాభైమంది, అవతల సిలబస్. అయినా బెంచీ ఎక్కించడం మాత్రం తప్పే. పిల్లల్ని కొట్టకూడదు, మనసు నొప్పించి వేధించకూడదు అని 2009 నాటి విద్యాహక్కు చట్టంలోనే ఉంది. "ఇంట్లో సంగతులు ఇంట్లోనే వదిలి రావాలి" అంటారు కొందరు టీచర్లు. చెప్పులైతే గుమ్మం దగ్గర విడిచి రావచ్చు. భయాన్ని ఎలా విడుస్తారండీ?

ఒక్కటి ఆలోచించండి. బడిలో వండిన అన్నం పెట్టాలని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర 2003 జనవరిలో ప్రాథమిక తరగతులకి మొదలై, తరవాత హైస్కూళ్లదాకా వచ్చింది. మధ్యాహ్నం కంచం పట్టుకొచ్చిన పిల్లని "మీ ఇంట్లో ఎందుకు పెట్టలేదు, ముందు కారణం చెప్పు" అని ఎవరూ నిలదియ్యరు. వడ్డిస్తారు, అంతే. ఆకలి ఇంటి సంగతి అయినా బడి దాన్ని తన పనిగా ఒప్పుకుంది. మరి నిద్రలేమిని, భయాన్ని ఎందుకు ఒప్పుకోదు?

ఒప్పుకుంటే ఎంత తేలికో వాళ్ల తెలుగు మేడాన్ని చూశాక తెలిసింది. ఆవిడ ఆ పిల్లని అందరి ముందూ ఏమీ అడగలేదు. జాలి కబుర్లూ చెప్పలేదు. చివరి బెంచీలోంచి తన బల్ల దగ్గరికి మార్చారు. లైబ్రరీ బీరువా తాళం చేతికిచ్చి పుస్తకాలు పంచే పని అప్పజెప్పారు. హోంవర్కు ఆటల పీరియడులో కూర్చుని చేసుకోవచ్చన్నారు. మరీ కళ్లు మూతలు పడుతున్న రోజున పావుగంట తల వాల్చుకోనిస్తారట. అన్నిటికన్నా నాకు నచ్చింది ప్రోగ్రెస్ కార్డు సంగతి. నాన్న సంతకమే కావాలని పట్టుబట్టకుండా, "అమ్మ చేసినా చాలమ్మా" అన్నారట. ఆ కార్డు నాన్న చేతికిస్తే ఏమవుతుందో ఆవిడ ఊహించారు. నేను ఊహించలేకపోయాను.

అయితే అంతా బడి మీదకే నెట్టేసి మనం చేతులు దులుపుకుందామా? "వాళ్లింటి గొడవ మనకెందుకు" అనేది మనం చిన్నప్పట్నుంచీ విన్న మాటే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అలా అనుకోలేదు. అక్షరాస్యత తరగతిలో చదివిన పాఠంలో తమ ఇంటి బాధే కనిపించి, సారా మీద కలిసి తిరగబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. వాళ్లంత పని నావల్ల కాదు కానీ టీవీ సౌండు పెంచకుండా ఉండగలను కదా.

వాళ్లమ్మతో మాట్లాడాను. "పోలీసులు వద్దక్కా, పరువు పోతుంది" అంది మొదట. బలవంతం చెయ్యలేదు. పిల్లలకి ఏ వేళప్పుడు ఆపదొచ్చినా 1098కి ఫోన్ చెయ్యొచ్చని చెప్పాను. ఏమీ అనలేదు. మర్నాడు వెళ్తే ఆ నంబరు క్యాలెండరు వెనక రాసుకుని ఉంది.

ఇప్పుడు రాత్రి తొమ్మిదయ్యేసరికి అక్కాతమ్ముళ్లిద్దరూ మా వరండాకొస్తున్నారు. తమ్ముడు చాపమీద పడి నిద్రపోతాడు. గేటూ తలుపూ తెరిచే ఉంచుతున్నాం, దోమలు కుడుతున్నా సరే. మా అమ్మాయికి నేను బెంచీ మారమన్న సంగతి గుర్తుచేసి, మేడాన్ని అడిగి మళ్లీ ఆ పిల్ల పక్కకే వెళ్లమన్నాను. "నేనసలు మారితే కదమ్మా!" అంది.