మేయరు పీఠం దక్కింది – ఖజానా తాళంచెవి ఎవరి చేతిలో ఉన్నది?



2025 నవంబరు 4వ తేదీన న్యూయార్క్ మహానగర ప్రజలు జొహ్రాన్ మమ్దానీని తమ మేయరుగా ఎన్నుకున్నారు. ఆ వార్త తెలిసినప్పటి నుండి మన దేశంలో వినబడిన మాట ఒక్కటే: "ఆయన మనవాడు, భారత సంతతివాడు, మీరా నాయర్ కుమారుడు!" చుట్టరికం చెప్పుకొని మురిసేవారికి మేము అడ్డు చెప్పబోము. కాని ఆ ఎన్నికలో ఓటు వేసిన 20 లక్షల మందికి పైగా ప్రజలు అభ్యర్థి వంశవృక్షాన్ని పరిశీలించి ఓటు వేయలేదు. తాము కట్టే ఇంటి అద్దెను, తాము ఎక్కే బస్సును, తమ బిడ్డల సంరక్షణకయ్యే ఖర్చును చూసుకొని ఓటు వేశారు. 1969 తర్వాత ఆ నగర మేయరు ఎన్నికలో ఇంతమంది ఓటు వేయడం ఇదే మొదటిసారి.

రక్తసంబంధమే కొలమానమైతే మరొక సంగతి గుర్తుచేయవలసి ఉన్నది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగర కౌన్సిలు కుల వివక్షను నిషేధిస్తూ 6–1 ఓట్లతో శాసనం చేసింది. అమెరికాలో అట్టి శాసనం చేసిన మొదటి నగరం అదే. ఆ తీర్మానం తెచ్చిన క్షమా సావంత్ పుణెలో పుట్టిన మహిళ. దానిని ప్రతిఘటించినవారిలో కూడా భారత సంతతివారు ఉన్నారు. ఇద్దరిలో "మనవారు" ఎవరు? ఈ ప్రశ్నకు రక్తం జవాబు చెప్పదు. ఎవరు ఏ వర్గం పక్షాన నిలిచారన్నదే జవాబు.

రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు అమెరికా నగరాల ఎన్నికలతో ఏమి పని అని కొందరు సభ్యులు అడుగుచున్నారు. పని ఉన్నది. మన పెన్షను కథ, మన సమ్మె హక్కు కథ, ప్రభుత్వ ఆస్తుల అమ్మకం కథ – మూడూ అక్కడ జరిగినవే.

ముందుగా పెన్షను. 2025 జూన్ 24న డెమొక్రాటిక్ పార్టీ ప్రాథమిక ఎన్నికలో మమ్దానీకి ప్రధాన ప్రత్యర్థి ఆండ్రూ కువోమో, న్యూయార్క్ రాష్ట్ర మాజీ గవర్నరు. 2012లో ఆ గవర్నరు సంతకంతోనే, ఆ సంవత్సరం ఏప్రిల్ నుండి ఉద్యోగంలో చేరిన ప్రభుత్వోద్యోగులకు "ఆరవ అంచె" అనే కొత్త పెన్షను పద్ధతి వచ్చింది. పాత ఉద్యోగికి ఒక న్యాయం, కొత్త ఉద్యోగికి ఒక న్యాయం. కొత్తవారి చందా పెరిగింది, విరమణ వయస్సు పెరిగింది, ఫలం తగ్గింది. ఒకే బల్ల వద్ద పనిచేసే ఇద్దరిని చేరిన తేదీని బట్టి విడదీయడం ఎట్టిదో 2004 జనవరి 1 నుండి కేంద్ర సర్వీసులో చేరిన మన సోదర సోదరీమణులకు వివరించి చెప్పవలసిన పనిలేదు.

ఇట్టి గవర్నరు మేయరు పదవికి నిలబడితే కార్మిక సంఘాలు ఏమి చేశాయి? భవన సేవా కార్మికుల సంఘం, హోటలు కార్మికుల సంఘం, ఆరోగ్య కార్మికుల సంఘం – నగరంలోని అతి పెద్ద సంఘాలలో మూడు – ప్రాథమిక ఎన్నికలో ఆయననే బలపరిచాయి! 2016లో కనీస వేతనాన్ని 15 డాలర్లకు పెంచే చట్టంపై సంతకం చేసినది కూడా ఆయనే. వారికి ఆయనతో పనులు జరిగాయి. ఆ సంఘాల సభ్యులలో అత్యధికులు ప్రైవేటు యాజమాన్యాల క్రింద పనిచేసేవారు గనుక పెన్షను కోత వారికి తగలలేదు. కాని పక్క ఇల్లు అంటుకున్నప్పుడు మన కప్పు మీదికి నిప్పురవ్వ రాలేదు గదా అని కూర్చున్నవాడిని ఇరుగుపొరుగు అనగలమా? ప్రాథమిక ఎన్నికలో కువోమో ఓడిపోగానే ఆ మూడు సంఘాలూ మమ్దానీ పక్షం చేరాయి. దీనిని మేము గాలివాటం నాయకత్వం అంటాము. గెలుపు తేలిన తర్వాత వచ్చే మద్దతుకు పూలదండ విలువే గాని పోరాట విలువ ఉండదు. మోటారు పరిశ్రమ కార్మికుల సంఘం యొక్క ఆ ప్రాంతీయ శాఖ మాత్రం ప్రాథమిక దశలోనే ఆయన పక్షాన నిలిచింది.

ఇంతకంటె సిగ్గుచేటైన ఘట్టం లాస్ ఏంజెలెస్‌లో జరిగింది. 2022 అక్టోబరులో ఒక ధ్వనిముద్రణ బయటపడింది. నగర కౌన్సిలు అధ్యక్షురాలు, మరి ఇద్దరు సభ్యులు, జిల్లా కార్మిక సమాఖ్య అధ్యక్షుడు కలిసి కూర్చుని వార్డుల సరిహద్దులను జాతుల లెక్కన పంచుకొంటూ, తోటి సభ్యుని చిన్నబిడ్డను గూర్చి నోటితో పలకరాని మాటలు మాట్లాడారు. ఆ సమావేశం జరిగినది ఎక్కడ? కార్మిక సమాఖ్య కార్యాలయంలోనే! అధ్యక్షురాలు, సమాఖ్య నాయకుడు రాజీనామా చేయవలసి వచ్చింది. కార్మికుల చందాతో కట్టిన గది కార్మికులను జాతులుగా చీల్చే గది అయినప్పుడు బయటి శత్రువు వేరే అక్కరలేదు. ఇది పరాయి దేశపు సంగతి అని మనం నిశ్చింతగా ఉండరాదు. శాఖా ఎన్నికలలో కులాల లెక్కలు వేసే గదులు మన మధ్య లేవని గుండెమీద చేయి వేసుకొని చెప్పగలవారు ముందు చెప్పాలి.

ఇక ధనబలం. మైకేల్ బ్లూమ్‌బెర్గ్ అనే కోటీశ్వరుడు 2002 నుండి 2013 వరకు న్యూయార్క్ మేయరు. మేయరు రెండు పర్యాయాలకు మించి ఉండరాదని ప్రజలు 1993లోను, 1996లోను ఓటు ద్వారా నిర్ణయించారు. 2008 అక్టోబరులో నగర కౌన్సిలు 29–22 ఓట్లతో ఆ నిర్ణయాన్ని త్రోసివేసి మూడవ పర్యాయానికి తలుపు తెరిచింది. 2009లో ఆయన 10 కోట్ల డాలర్లకు పైగా సొంత సొమ్ము కుమ్మరించి, 5 శాతానికి లోపు ఆధిక్యంతో గట్టెక్కాడు. 2005 డిసెంబరులో నగర రవాణా కార్మికులు మూడు రోజులు సమ్మె చేసినప్పుడు మేయరు ఈయనే. ప్రభుత్వోద్యోగుల సమ్మెను నిషేధించే 1967 నాటి టేలర్ చట్టం క్రింద సంఘ అధ్యక్షునికి 10 రోజుల జైలుశిక్ష, సంఘానికి 25 లక్షల డాలర్ల జరిమానా విధించారు. జీతం నుండి సంఘ చందా మినహాయించే సౌకర్యాన్ని కూడా నిలిపివేశారు. 1974 మే నెలను చూసిన మన పెద్దలకు ఈ ఆయుధాలన్నీ పరిచితమైనవే. అదే బ్లూమ్‌బెర్గ్ 2025 ప్రాథమిక ఎన్నికలో కువోమోను బలపరిచే నిధికి 83 లక్షల డాలర్లు ఇచ్చాడు. అయినా ఓడిపోయారు. లాస్ ఏంజెలెస్‌లో రిక్ కరూసో అనే స్థిరాస్తి వ్యాపారి 2022లో 10 కోట్ల డాలర్లకు పైగా ఖర్చు చేసి కూడా కారెన్ బాస్ చేతిలో ఓడిపోయాడు. ధనం అజేయం కాదు. ఇంటింటికీ తిరిగే కాళ్ళు ఉన్నచోట దానికి ఓటమి తప్పదు.

ఈ కాళ్ళు ఒక్క రాత్రిలో పుట్టలేదు. 2021లో న్యూయార్క్ టాక్సీ డ్రైవర్లు – వారిలో దక్షిణాసియా వారు ఎందరో – టాక్సీ అనుమతి బిళ్ళల కోసం చేసిన అప్పుల ఊబిలో మునిగి, నగర కార్యాలయం ఎదుట 15 రోజులు నిరాహారదీక్ష చేశారు. ఒక దశలో ఆ బిళ్ళ ఖరీదు 10 లక్షల డాలర్లు దాటింది. తర్వాత ధర కూలిపోయింది, అప్పు మాత్రం నిలిచిపోయింది. అప్పుడు శాసనసభ్యుడైన మమ్దానీ వారితోపాటు దీక్షలో కూర్చున్నాడు. అప్పులు తగ్గించి నగరమే హామీగా నిలిచే ఒప్పందాన్ని డ్రైవర్ల సంఘం సాధించింది. 2025 నాటి ఓట్లకు విత్తనం అక్కడ పడింది.

ఇంతవరకు విన్నవారు "అయితే నగరం కార్మికుల చేతికి వచ్చినట్లే" అని పొంగిపోరాదు. ఇక్కడే మా అసలు హెచ్చరిక.

ఆయన ఇచ్చిన ముఖ్య వాగ్దానాలను పరిశీలించండి. అద్దె నియంత్రణ క్రింద ఉన్న దాదాపు 10 లక్షల ఇళ్ళ అద్దెను నిర్ణయించే మండలి సభ్యులను మేయరే నియమిస్తాడు. అది ఆయన చేతిలోని పని. కాని బస్సులు నడిపే రవాణా సంస్థ రాష్ట్ర ప్రభుత్వ ఆధిపత్యంలో ఉన్నది. ధనికులపై ఆదాయపు పన్ను పెంచే అధికారం రాష్ట్ర శాసనసభది. కుర్చీ నగరానిది, తాళంచెవి రాష్ట్రానిది.

తాళంచెవి ఎంత దూరం పోగలదో 1975లో తేలిపోయింది. బ్యాంకులు న్యూయార్క్ నగరానికి అప్పు నిలిపివేశాయి. రాష్ట్రం అత్యవసర ఆర్థిక నియంత్రణ మండలిని నెలకొల్పింది. గవర్నరు, మేయరు, ఇద్దరు ఆడిటు అధికారులతో పాటు, ఏ ప్రజలూ ఎన్నుకోని ముగ్గురు ప్రైవేటు వ్యక్తులు అందులో కూర్చున్నారు. వేలాది నగర ఉద్యోగులు వీధిన పడ్డారు. 35 సెంట్ల రవాణా ఛార్జీ 50 సెంట్లయింది. తరతరాలుగా ఉచితంగా చదువు చెప్పిన నగర విశ్వవిద్యాలయంలో 1976 నుండి ఫీజు వచ్చింది. నగరాన్ని దివాలా నుండి కాపాడడానికి ఉద్యోగుల పెన్షను నిధులనే నగర బాండ్లలో పెట్టించారు. మేయరు ఏబ్ బీమ్ పదవిలోనే ఉన్నాడు. పరిపాలన మాత్రం బాండ్లు కొన్నవారిది.

చికాగోలో తాళంచెవి కౌన్సిలు చేతిలో చిక్కుకున్నది. 1983లో హెరాల్డ్ వాషింగ్టన్ ఆ నగరానికి మొదటి నల్లజాతి మేయరుగా గెలిచాడు. 50 మంది సభ్యుల కౌన్సిలులో 29 మంది ఒక కూటమి కట్టి మూడు సంవత్సరాలు ఆయనకు అడుగడుగునా అడ్డుపడ్డారు. న్యాయస్థానం ఉత్తర్వుపై వార్డులను సరిచేసి 1986లో ప్రత్యేక ఎన్నికలు జరిపిన తర్వాత గాని బలం 25–25 కాలేదు, మేయరు నిర్ణాయక ఓటుకు విలువ రాలేదు. 1987 నవంబరులో ఆయన మరణించాడు. మేయరును గెలిపించి వార్డులను మరచినవారు చెల్లించిన మూల్యం ఆ మూడు సంవత్సరాలు.

వార్డు సభ్యుడు చేతులెత్తితే ఏమి పోతుందో కూడా చికాగోయే చూపింది. 2008 డిసెంబరులో, ప్రతిపాదన వచ్చిన కొద్ది రోజులలోనే, కౌన్సిలు 40–5 ఓట్లతో వీధులలోని 36,000 పార్కింగు మీటర్లను 75 సంవత్సరాలకు ఒక ప్రైవేటు కంపెనీకి కౌలుకు ఇచ్చింది. దాదాపు 115 కోట్ల డాలర్లు చేతికి వచ్చాయి. నగరం కనీసం 97 కోట్ల డాలర్లు తక్కువకు ఇచ్చివేసిందని నగర తనిఖీ అధికారి 2009లో తేల్చాడు. ఇప్పుడు ప్రజలు ఏ ఉత్సవానికైనా తమ వీధిని తాము మూసుకొంటే కంపెనీకి పరిహారం లెక్కకు వస్తుంది! 2021 ఆగస్టులో మన దేశంలో ప్రకటించిన 6 లక్షల కోట్ల రూపాయల "ఆస్తుల నగదీకరణ" జాబితాలో రైల్వే స్టేషన్లు ఉన్న సంగతి మన సభ్యులకు తెలుసు. తొందరపాటు సంతకం తాత చేస్తే, మనుమడు కిస్తీ కడతాడు.

2023 ఏప్రిల్‌లో అదే చికాగోలో ఉపాధ్యాయ సంఘ కార్యకర్త బ్రాండన్ జాన్సన్ మేయరుగా గెలిచాడు. ఇళ్ళులేనివారికి ఇళ్ళు కట్టించడానికి ఖరీదైన ఆస్తుల విక్రయంపై పన్ను పెంచే ప్రతిపాదనను 2024 మార్చిలో ప్రజల ముందు పెడితే ఓడిపోయింది. మేయరును గెలిపించినంత పట్టుదల ఆ ఓటింగులో కానరాలేదు. సియాటిల్‌లో 2018 మే నెలలో పెద్ద కంపెనీలపై పన్నును కౌన్సిలు 9–0తో ఏకగ్రీవంగా ఆమోదించింది. అమెజాన్ మొదలైన కంపెనీలు కన్నెర్ర చేయగానే జూన్‌లో అదే కౌన్సిలు 7–2తో రద్దు చేసుకున్నది. ఒక నెలలో సభ్యులు మారలేదు. వారి చెవికి వినబడే గొంతు మారింది.

కనుక రెండు తప్పులు ఉన్నాయి. గెలుపును చూసి ఇంటికి వెళ్ళి నిద్రపోవడం ఒకటి. "ఎవరు గెలిస్తే ఏమి, అందరూ ఒక తాను ముక్కలే" అని పెదవి విరిచి ఇంటనే కూర్చోవడం రెండవది. రెండవ తప్పు యజమానులకు మరింత ప్రీతికరం. 2013లో లాస్ ఏంజెలెస్ మేయరు తుది ఎన్నికలో ఓటు వేసినవారు దాదాపు 23 శాతం. వారిని చూసి నవ్వవలసిన అర్హత మనకు లేదు. 2020 డిసెంబరులో హైదరాబాదు మహానగర ఎన్నికలో ఓటు వేసినది 46 శాతమే. కాలనీలో కుళాయి నీరు రాకపోతే సంఘ కార్యదర్శిని నిలదీసే మనం, పోలింగు నాడు ఎక్కడ ఉన్నాము?

ప్రవర్తనా నియమావళి ప్రకారం మనం ఎన్నికలలో పోటీ చేయరాదు, ప్రచారం చేయరాదు. ఓటు వేయడాన్ని మాత్రం ఏ నియమమూ ఆపజాలదు. ఓటు వేసే ముందు అభ్యర్థి కులం కాదు, పెన్షనుపై, ప్రైవేటీకరణపై, సమ్మె హక్కుపై అతడు గతంలో పెట్టిన సంతకాలు చూడాలి. పెద్ద పదవితో పాటు వార్డును కూడా చూడాలి. ఫలితం వెలువడిన మరునాడు, గెలిచినవాడు మన మిత్రుడైనా సరే, మన కోర్కెల పత్రంతో అతని గుమ్మం ముందు ఉండాలి; మనం లేనిచోట మరొకరు నిలబడి ఉంటారు. సంఘ కార్యాలయం అందరిదిగా ఉండాలి. ఏ కులపు లెక్కలకూ అది వేదిక కారాదు.

సభ్యులెవరైనా ఈ అభిప్రాయాలతో విభేదిస్తే శాఖా సమావేశాలలో చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము. మౌనం కంటె వాదం మేలు.

కార్మికవర్గ ఐక్యత వర్ధిల్లాలి!