ఆయన సంతకం అక్కరలేదు

తెనాలి ప్రాంతం నుంచి ఒక తల్లి వ్రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రకటించవద్దని కోరారు.

"మా అమ్మాయి పై చదువుకని అమెరికా వెళ్ళింది. అక్కడే స్థిరపడి, ఆ దేశపు పౌరసత్వం కూడా సంపాదించిన కుర్రవాడి సంబంధం వచ్చింది. పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే చేశాము. రెండేళ్ళయింది. ఏడాదిగా దాని మీద చేయి చేసుకుంటున్నాడట. పాస్‌పోర్టు తన దగ్గర దాచాడు. చదువు వీసా గడువు అయిపోయింది. 'గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టవలసినవాణ్ణి నేను. నోరెత్తావంటే నిన్ను విమానం ఎక్కిస్తారు' అంటాడట. మొదట్లో సర్దుకుపొమ్మని నేనే చెప్పాను. మొన్న ఫోనులో దాని గొంతు విన్నాక ఆ మాట నా నోట రాలేదు. అతని సంతకం లేకుండా దానికి వేరే దారి ఉన్నదా?"

ఉన్నదమ్మా. ఆ దారి వేసి ముప్పై ఏళ్ళు దాటింది. మీ అల్లుడికి తెలిసినా చెప్పడు. మీ అమ్మాయికి తెలియదు. అతని బలమంతా అక్కడే ఉన్నది.

మామూలుగా భార్య కోసం భర్తే దరఖాస్తు పెట్టాలి. ఈ ఏర్పాటును అడ్డం పెట్టుకొని హింసించే భర్తలున్నారని గ్రహించి, 1994లో అమెరికా కాంగ్రెసు ఒక చట్టం చేసింది. భర్త అమెరికా పౌరుడైనా, గ్రీన్ కార్డు గలవాడైనా, అతని చేత హింసకు గురైన భార్య తన దరఖాస్తు తానే పెట్టుకోవచ్చు. ఆ ఫారం పేరు ఐ-360. అతని సంతకం అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. ఈ ఫారానికి రుసుము కూడా లేదు. చట్టం పేరులో స్త్రీలనే ఉన్నా, భార్య చేతిలో బాధపడే భర్తకూ ఇది వర్తిస్తుంది.

"దరఖాస్తు పెట్టిన సంగతి అతనికి తెలిస్తే?" అని మీకు భయం కలుగుతుంది. అధికారులు అతనికి కబురు చెయ్యరు. ఆమె వివరాలు బయటపెట్టడాన్ని, కేవలం అతని మాట పట్టుకొని ఆమెకు వ్యతిరేకంగా నిర్ణయించడాన్ని 1996లో మరొక చట్టం నిషేధించింది. ఉత్తరాలు వేరే క్షేమమైన చిరునామాకు తెప్పించుకోవచ్చు.

అయితే కొన్ని సంగతులు రుజువు కావాలి. అతను పౌరుడో, గ్రీన్ కార్డు గలవాడో అయి ఉండాలి. పెళ్ళి కాగితాల కోసం కాక, కాపురం చేద్దామనే చేసుకున్నదై ఉండాలి. ఇద్దరూ ఒకే ఇంట ఉండి ఉండాలి. ఆమె నడవడి మంచిదై ఉండాలి. ఇక హింస అంటే దెబ్బలే కానక్కరలేదు. బెదిరించడం, ఎవరితోనూ మాట్లాడనివ్వకుండా నిర్బంధించడం వంటి తీవ్రమైన క్రూరత్వం కూడా లెక్కకు వస్తుంది.

పోలీసు రిపోర్టు ఉంటే మంచిదే; లేనంత మాత్రాన దారి మూసుకుపోదు. డాక్టరు చీటీలు, గాయాల ఫొటోలు, అతను పంపిన సందేశాలు, ఇరుగుపొరుగువారి వాఙ్మూలాలు పనికివస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, జరిగినదంతా తేదీలతో ఆమె స్వయంగా వ్రాసుకున్న వాఙ్మూలం.

ఇక్కడ మీరు చెయ్యగల పని ఒకటున్నది. పెళ్ళి ఫొటోల ఆల్బం మీ బీరువాలోనే ఉంటుంది కదా? శుభలేఖ, కల్యాణమండపం రసీదు, నగలు, బట్టలు కొన్న బిల్లులు, నిశ్చితార్థం నాటి ఫొటోలు అన్నీ తీసి భద్రం చెయ్యండి. అది నిజమైన పెళ్ళి అని చెప్పడానికి అవి సాక్ష్యాలు. అమ్మాయి మీకు పంపిన సందేశాలు ఒక్కటి కూడా చెరిపివెయ్యకండి. ఆమె ఏ రోజున ఏమి చెప్పి ఏడ్చిందో గుర్తున్నంత వరకు వ్రాసి ఉంచండి.

కొన్ని జాగ్రత్తలు. విడాకులు మంజూరైతే, ఆ తేదీ నుంచి రెండేళ్ళ లోపలే ఈ దరఖాస్తు పెట్టాలి; విడాకులకూ హింసకూ సంబంధం చూపాలి. అందువల్ల మీ ఇంటికి కోర్టు నోటీసు ఏదైనా వస్తే పక్కన పడెయ్యకండి. దరఖాస్తు మంజూరు కాకముందే ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుంటే అది చెల్లదు. వీసా గడువు దాటి ఉన్నది కనుక, లాయరును అడగకుండా ఇండియా విమానం ఎక్కితే తిరిగి వెళ్ళడానికి చిక్కులు రావచ్చు. పాస్‌పోర్టు పోతే మన కాన్సులేటులో మరొకటి కోరవచ్చు.

ఇది చదివే మిగతా తల్లులకు రెండు మాటలు. భర్త ద్వారా రెండేళ్ళ షరతు గల గ్రీన్ కార్డు వచ్చిన అమ్మాయిలకు, ఆ షరతు తీయించే ఫారం మీద భార్యాభర్తలిద్దరూ సంతకాలు చెయ్యాలి. హింస ఉంటే ఆ ఫారమూ ఒంటరిగానే పెట్టవచ్చు. పండుగకని ఇండియా తీసుకువచ్చి, వదిలేసి వెళ్ళిపోయిన భర్తల కథలు మనం వింటున్నాము. హింస అమెరికాలో కూడా జరిగి ఉంటే, ఇక్కడ నుంచి సైతం ఐ-360 పెట్టుకోవచ్చు.

భర్తది హెచ్-1 వీసా, భార్యది హెచ్-4 అయితే మాత్రం ఈ దారి లేదు. మన పిల్లల్లో చాలామంది స్థితి ఇదే. వారికి పని చేసుకొనే అనుమతి విడిగా కోరే వీలున్నది. నేరానికి గురై, పోలీసులకు సహకరించిన వారికి 2000లో ఏర్పరచిన యు వీసా ఉన్నది. ఏడాదికి పదివేలు మించి ఇవ్వరు కనుక నిరీక్షణ చాలా ఎక్కువ.

ఐ-360 కూడా నెలల్లో తేలేది కాదు, ఏళ్ళు పట్టవచ్చు. నిబంధనలు మారుతుంటాయి, తిరస్కరిస్తే ఇబ్బందులూ ఉంటాయి. అందుకని వలస చట్టం తెలిసిన లాయరు తప్పనిసరి. ఉచితంగా సాయపడే సంస్థలున్నాయి. గృహహింస బాధితులకు అక్కడ రాత్రింబవళ్ళు పలికే జాతీయ టెలిఫోను 1-800-799-7233. ప్రాణభయం ఉంటే 911. అతను చూసే ఫోను నుంచి కాక, స్నేహితురాలి ఫోను నుంచి చెయ్యమనండి.

'సర్దుకుపో' అన్నందుకు మిమ్మల్ని మీరు నిందించుకోకండి. మన అమ్మలు మనకు చెప్పినదే మీరూ చెప్పారు. ఈ సాయంత్రం అమ్మాయి ఒంటరిగా ఉన్న వేళ చూసి ఫోను చెయ్యండి. ఆయన సంతకం అక్కరలేదని చెప్పండి. ఆ తరువాత ఆమె ఉండదలచినా, తిరిగి రాదలచినా, మన ఇంటి తలుపు తీసే ఉందని కూడా చెప్పండి.